టూయీ పిట్ట పిలిచిన పేరు

లైబ్రరీలో దెయ్యాల పుస్తకాలుండే అర దగ్గర నేను ఎప్పుడూ ఆగలేదు. పదో తరగతితో చదువు ఆగిపోయిన నాకు, ఈ దేశం వచ్చాక ఇంగ్లీషు నేర్పింది మనురేవాలో మా ఇంటి దగ్గరి లైబ్రరీయే. పక్షులు, చెట్లు, అగ్నిపర్వతాలు, ఏది దొరికితే అది వరసపెట్టి చదివాను. ఎవరో చెప్పారని నమ్మే మనిషిని కాను. అందుకే ఇది రాయడానికి ఏడాది ఆలోచించాను.

అప్పటికి మావారు పోయి రెండేళ్ళు. ఆయన ముచ్చటపడి కొన్న చక్రాల ఇల్లు, పాత కేరవాన్, డ్రైవ్‌వేలో నాచు పట్టిపోతోంది. కారు వెనక దాన్ని తగిలించుకుని నడపడం నాకు రాదు. అమ్మేద్దామని మా అమ్మాయి సింధు అంది. ఆదివారం చూడ్డానికి వస్తామని కొనేవాళ్ళెవరో చెప్పారు కూడా. ఈ లోపల ఒక్కసారి, ఆయనతో వెళ్ళిన సరస్సు దగ్గరికి వెళ్ళొద్దామని అడిగాను.

ఇక్కడో సంగతి చెప్పాలి. ముప్ఫై ఏళ్ళ కాపురంలో మావారు నన్ను పేరుపెట్టి పిలవలేదు. గొంతు సవరించుకునేవారు. రెండుసార్లు, పొడిగా. ఏ గదిలో ఉన్నా వెళ్ళేదాన్ని. పనిచేసే షాపులో నా బ్యాడ్జి మీద ‘కామీ’ అని ఉంటుంది. తెలుగు పిల్లలకి ఆంటీని. కామేశ్వరి అని నిండుగా పిలిచేవాళ్ళు ఈ దేశంలో నాకు లేరు.

ఆయన పోవడానికి కొద్ది రోజుల ముందు, ఆ సరస్సు ఒడ్డునే అడిగాను. “ఒక్కసారి పేరుపెట్టి పిలవండి, వింటాను.”

“రేషన్ షాపులో పిలిచినట్టుంటుందే,” అని నవ్వేశారు.

నేనూ నవ్వాను గానీ, మనసులో చిన్న ముల్లు ఉండిపోయింది. ఆ మర్నాడూ, ఆ పై రోజూ ఆయన తెల్లారగానే బకెట్ పట్టుకుని నీళ్ళకని సరస్సు దగ్గరికి వెళ్ళి, చాలాసేపటికి గాని రాలేదు. కుళాయి మా కేరవాన్ పక్కనే ఉంది.

ఈసారి సింధు నడిపింది. కంకర రోడ్డు మీద నెమ్మదిగా, శుక్రవారం సాయంత్రానికి చేరాం. నీటి అంచుదాకా వర్షారణ్యం, కొమ్మ కొమ్మకీ నాచు. మేము కాక ఈ దేశం వాళ్ళే, ఒక ముసలి కివీ జంట, అంతే.

శనివారం పొద్దున టీ పెడుతున్నాను. సింధు తలుపులోంచి తొంగిచూసింది.

“అమ్మా, నిన్నెవరో పిలుస్తున్నారు. ఫుల్ నేమ్‌తో.”

“ఇక్కడెవరే?”

“తెలీదు. ఎవరో అంకుల్. లేక్ వైపు నుంచి.”

పొయ్యి ఆపి వెళ్ళాను. మావారు బకెట్‌తో వెళ్ళిన చోటే, ఒక కొమ్మ మీద టూయీ పిట్ట. నల్లటి ఒళ్ళు, మెడ కింద తెల్లటి కుచ్చు. మమ్మల్ని చూసి రెండుసార్లు పొడిగా దగ్గింది.

“భయమెందుకు, దగ్గడం దాని స్వభావమే, పుస్తకంలో ఉంది,” అని సింధుకి చెబుతున్నాను.

“కామేశ్వరీ,” అంది పిట్ట.

మనిషి గొంతూ కాదు, పిట్ట గొంతూ కాదు. కానీ ‘శ్వ’ స్పష్టంగా పలికింది. చివర కాస్త పైకి లేచింది, పిలవొచ్చో లేదో తెలియనివాళ్ళ పిలుపులా. అలా మూడుసార్లు.

“అది నాన్న దగ్గు,” అంది సింధు, నా చెయ్యి పట్టుకుని.

నా నోట ఒక్కటే మాట వచ్చింది. “ఆఁ, వస్తున్నా.”

పిట్ట అడవిలోకి ఎగిరిపోయింది. మధ్యాహ్నందాకా కూర్చున్నాం, మళ్ళీ రాలేదు. ఆ ముసలి జంటనీ అడిగాం. వాళ్ళూ విన్నారట, ఎవరో కుక్కని పిలుస్తున్నారనుకున్నారట. సింధు పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను, కళ్ళు తుడుచుకుంటూ.

తిరిగొచ్చాక దొరికిన పుస్తకాలన్నీ వెతికాను. టూయీ అనుకరిస్తుంది, నిజమే. పెంచి, ఓపిగ్గా నేర్పితే మాటలూ పలుకుతుందట. అడవి పిట్ట రెండు పొద్దుల్లో ఒక తెలుగు పేరు నేర్చుకుని రెండేళ్ళు గుర్తుపెట్టుకుంటుందని మాత్రం ఎక్కడా లేదు. పెంచిన పిట్టే అనుకున్నా, నా పేరు దానికెవరు చెప్పారు?

కేరవాన్ అమ్మలేదు. ఆ రోజే తిరుగుదారిలో ఆగి, రావద్దని కొనేవాళ్ళకి సింధు మెసేజ్ పెట్టేసింది. ఇప్పుడు నాకు రివర్స్ చేయడం నేర్పుతోంది.

బకెట్ ఇంకా అందులోనే ఉంది. కుళాయి పక్కనే ఉండగా ఆయన అంతసేపు నీటి దగ్గర ఏం సాధన చేశారో ఊహించుకోగలను. పిట్ట సంగతే, ఎన్ని పుస్తకాలు తిరగేసినా, నాకు తేలలేదు.