మూరెడు ట్యూబు

ఆదోని నూనె మిల్లు ల్యాబులో మా పెద్దాయన కుర్చీలో కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. ఎమ్మిగనూరు బస్సు దిగి, భుజాన సంచీ ఉండగానే యంత్రం దగ్గరకు పోయేవాడు. శాంపిల్‌లోని పదార్థాలను విడదీసే కాలమ్‌కూ, వాటిని కనిపెట్టే పెట్టెకూ మధ్య వెంట్రుకంత సన్నని దారి ఉన్న ట్యూబు ఉంటుంది. దాన్ని రెండు వేళ్లతో లోపలికి నొక్కి చూసేవాడు. ఆ దారిలో ఖాళీ ఎక్కువైతే విడిపోయినవి మళ్లీ కలిసిపోతాయి.

"అడుగుదాకా ఆనిందా అప్పా?"

రోజుకు పదిసార్లు ఇదే ప్రశ్న. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న నాకు విసుగు పుట్టేది.

ఆయన సెలవు పెట్టిన రోజు ఆ ట్యూబు మార్చాల్సి వచ్చింది. సన్నది దొరక్క కాస్త లావుది, మూరెడు పొడవున కోసి బిగించాను. పశువుల దాణాకు పోయే వేరుశనగ చెక్కను పరీక్షించి, బూజు విషం లేదని సంతకం పెట్టేశాను.

మర్నాడు ఆయన గ్రాఫులో గుట్టలా లేచిన గీత చూసి, "ఈ గుట్ట ఇంత లావు ఉండదే" అన్నాడు. నా ట్యూబు తీసేసి, జానెడు సన్నది బిగించి మళ్లీ నడిపించాడు. లావు గుట్ట పక్కన చిన్న గుట్టొకటి విడిగా లేచింది. అదే విషం. నేను నోరు తెరిచేలోగా ఆయన చెప్పుల్లేకుండా గేటువైపు పరుగెత్తాడు. ఆ చెక్క ఎత్తిన లారీ అప్పటికే కదులుతోంది.

"నిలుపప్పా! అది తింటే గొడ్లు సస్తాయి!"

లారీ ఆగింది. ఆయన తిరిగొచ్చి నన్ను తిట్టలేదు. ఆ మూరెడు ట్యూబు నా చేతిలో పెట్టి, "ఇంత సోటు ఇచ్చినావు, ఇసం దాంకొనింది" అన్నాడు. మళ్లీ పోయి, తాను బిగించినదాన్నే రెండు వేళ్లతో నొక్కి చూశాడు.

ఇప్పుడా కుర్చీ నాది. కూర్చోవడం నాకూ చేతకావడం లేదు.