ఊడని బీరువా

మా ఆవిడకు తనదంటూ తాళం వేసుకునే బీరువా ఒకటి ఉండాలని కోరిక. పెద్ద కోరికేం కాదు. పుట్టింట్లో నలుగురు అక్కచెల్లెళ్ళకు కలిపి ఒకటే ట్రంకు పెట్టె ఉండేది. పెళ్ళయ్యాక మా ఇంట్లో ఇనుప బీరువా ఉన్నా దాని తాళంచెవి మా అమ్మ బొడ్డున ఉండేది. నాచారంలో వేరు కాపురం పెట్టాక ఆమె బట్టలు మంచం కింద సూట్‌కేసులోకి చేరాయి. హబ్సిగూడలో ఒక ఆడపిల్లల హాస్టల్లో ఆమె వార్డెన్. అక్కడ పిల్లకో అల్మారా, అల్మారాకో తాళం. ఎవరి తాళంచెవి పోయినా వెతికి పెట్టేది ఈమే. ఇందులో ఉన్న చోద్యం నాకు చాలా ఏళ్ళు కనపడలేదు.

చివరికి తన జీతంతోనే మూడు తలుపుల చెక్క బీరువా ఆర్డర్ పెట్టింది. బీరువా వస్తుందనుకుంటే రెండు అట్టపెట్టెలు వచ్చాయి. లోపల పలకలు, స్క్రూలు, గుండ్రటి లాకు బిళ్ళలు, ఒక్క మాట కూడా లేని బొమ్మల పుస్తకం. ఆదివారం పొద్దున్నే ఆమె పడకగదిలో దుప్పటి పరిచి, పలకలను నంబర్ల వరసన పేర్చింది. స్క్రూలను రకానికో గిన్నెలో పోసింది. ఇక పప్పు దేంట్లో వండుతావని వేళాకోళమాడాను.

నేను నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో పంపులు తయారుచేసే చోట ఫిట్టర్ని. నేను బిగించింది వదులైందని ఇరవై ఏళ్ళలో ఏ సూపర్‌వైజరూ అనలేదు. ఆ గర్వం నాకు కాస్త ఎక్కువేనని తోటివాళ్ళు అంటారు. నిజమే. అలాంటివాడి చేతికి వచ్చాయి ఆ లాకు బిళ్ళలు. ఒక పలకకు పిన్ను, ఇంకో పలకలో బిళ్ళ. పిన్ను తల బిళ్ళలోకి దూర్చి స్క్రూడ్రైవరుతో సగం తిప్పితే రెండు పలకలూ దగ్గరికి లాక్కుంటాయి. దాంతోనే ఆరున్నర అడుగుల బీరువా నిలబడుతుందట.

నాలుగు పక్కలా బిగించి, నిలబెట్టి, ఊపి చూశాను. కదిలింది.

"సూసినవా? గిది బీరువానా, ఉయ్యాలనా?" అన్నాను.

"ఎనక అట్ట కొట్టినంక కదలదంట. బొమ్మల సక్కగ సూపిచ్చిన్రు, జర సూడు" అంది.

"బొమ్మలు సూసి పని నేర్సుకునే కర్మ నాకింకా రాలే."

కిందికి దిగి హార్డ్‌వేర్ షాపులో జిగురు డబ్బా, పొడుగు స్క్రూలు తెచ్చాను. బిగించినవన్నీ విప్పి, ప్రతి అతుకులో జిగురు పోసి, మళ్ళీ కలిపి, బయటినుంచి స్క్రూలు దించాను. పుస్తకంలో లేని స్క్రూలు మొత్తం ఇరవైకి పైనే పట్టాయి. ఆమె గుమ్మంలో నిలబడి చూస్తూ ఉంది.

"రేపు ఇల్లు మారాల్సొస్తే గిది ఎట్ల ఇప్పుతవ్?"

"అప్పటి సంగతి అప్పుడు. ముందుగాల నీ చీరల మీద కూలకుండ ఉండాలె గద."

జిగురు ఆరేదాకా రెండు రోజులు నేను దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. మూడో రోజు ఊపితే గోడను ఊపినట్టే ఉంది. ఆమె చీరలు సర్దుకుంది. లోపలి సొరుగులో ఏం పెట్టుకుందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. హాస్టల్ నుంచి రాగానే ఒకసారి తలుపు తెరిచి, ఏమీ తీయకుండానే మూసేది. అది చూసినప్పుడల్లా నాకు సంతోషంగా ఉండేది. అందులో సగం మెప్పు నాదేననుకునేవాణ్ణి.

రెండేళ్ళు గడిచాయి. ఇంటి ఓనరమ్మ కొడుక్కి పెళ్ళి కుదిరింది. కొత్త జంటకు మా పోర్షన్ కావాలని మర్యాదగానే అడిగారు. ఉప్పల్లో మెట్రోకు దగ్గరగా మాకు ఇల్లు దొరికింది. మారే రోజు పొద్దున ట్రాలీ ఆటో వచ్చి కింద ఆగింది. మంచం, ఫ్రిజ్, గిన్నెల సంచులు అన్నీ దిగాయి. బీరువా మిగిలింది.

పడకగది తలుపు ముందు సన్నటి నడవ ఉంటుంది, దాని అవతల గోడ. బీరువాను పడుకోబెట్టి సగం బయటికి తోసేసరికి ముందు కొస గోడకు తగిలింది. నిలబెడితే గుమ్మం ఎత్తు చాలదు. ఏ పక్కకు తిప్పినా అంతే. దాన్ని గదిలోనే కట్టాను. అది ఎలా బయటికి వస్తుందన్న ఆలోచన ఆ రోజు నాకు రానే లేదు. ఫ్యాక్టరీలో నేను బిగించిన పంపును మళ్ళీ విప్పే పని నాకెప్పుడూ పడలేదు. ఇరవై ఏళ్ళుగా కిరాయి ఇళ్ళల్లో ఉంటూ, మా ఇంట్లో వస్తువు విప్పడానికి రావాలన్న సంగతి మరిచిపోయాను.

స్క్రూలు విప్పాను. అవి వచ్చాయి. జిగురు రాలేదు. మూలన బట్ట చుట్టి సుత్తితో కొట్టాను. అతుకు కదల్లేదు. దాని పక్కన పలక పొట్టు పొట్టుగా రాలింది. నా పని నిలబడింది, చెక్క పోయింది.

"కోసెయ్యున్రి అన్న. ముక్కలు పట్కపోయి ఆడ మల్ల అతుకుపెట్టుకోండ్రి" అన్నాడు ఆటో అతను. అతనికి ఇంకో కిరాయి ఉందట, తొందరపడుతున్నాడు.

నేను రంపం తీశాను. ఆమె వచ్చి బీరువా మీద చెయ్యి వేసింది.

"వద్దు. ఖరాబు చెయ్యకు. ఉండనీ."

అందులోంచి తీసిన చీరలన్నీ అప్పటికే రెండు పాత దుప్పట్లలో మూటకట్టి ఉన్నాయి. ఆమె తాళంచెవి కొంగు ముడి విప్పి తీసింది. మెట్ల దగ్గర నిలబడ్డ ఓనరమ్మ చేతిలో పెట్టింది.

"గింత మంచి బీరువా ఎందుకు ఇడిచిపెడుతున్నవమ్మా?" అని ఆవిడ అడిగింది.

"మా ఆయన మస్తు గట్టిగ చేసిండు అమ్మా. ఇరగ్గొట్ట బుద్ధి కాలే. మీ కోడలుకు పనికొస్తది."

నా తప్పు ఆవిడకు తెలియకుండా ఆ మాట అంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. సిగ్గేసింది. ఉప్పల్ దాకా ఆటోలో ఆమె మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సామాన్లలో ఏమేం మరిచిపోయామో మాట్లాడుకున్నాం గానీ బీరువా ఊసు ఎవరం ఎత్తలేదు.

ఇది జరిగి ఏడాది దాటింది. మొన్న ఒక పొద్దున నేనే కదిలించాను. "ఇంకోటి తెప్పిద్దాం. ఈసారి పుస్తకం సూసి నువ్వే బిగించు. నేను పలకలు పట్టుకుంట" అన్నాను. ఆమె హాస్టల్‌కు అన్నం డబ్బా సర్దుకుంటోంది.

"సొంతిల్లు అయినంక సూద్దాం తియ్" అంది.

కోపంగా అనలేదు, ఎత్తిపొడుపూ లేదు. డబ్బా మూత బిగించుకుని చెప్పులేసుకుంది. కిరాయి ఇళ్ళల్లో ఉండే మావంటివాళ్ళు ఒక కోరికను వదిలేసుకున్నాక అనే మాట అది. నేనూ చాలా వాటి గురించి అన్నాను. అందుకే మళ్ళీ అడగలేదు.