సోషల్ సారు బోర్డెక్కించిన నా మొదటి వాక్యం

రేపల్లెలో మా చిన్నతనంలో హిస్టరీ వ్యాసానికి ఒకటే మొదలు... "భారతదేశ చరిత్రలో ఈ ఘట్టం సువర్ణాక్షరాలతో లిఖించదగినది." అశోకుడైనా అదే... ఉప్పు సత్యాగ్రహమైనా అదే.

మా సోషల్ సారు రోజూ తెనాలి నుంచి పాసింజర్లో వచ్చి, వ్యాసం ఏదైనా సరే ముందు ఆ ముక్క బోర్డు మీద పడేసేవాడు. "వచ్చేవారు, పడేసేవారు" అనాలి, తెలుసు. అనను.

మేం ముప్ఫై ఎనిమిది మందిమీ దాన్ని బట్టీ పట్టి, స్కెచ్ పెన్నుతో కింద గీత గీసేవాళ్ళం. నేనూ గీశాను... కాదనను.

పదో తరగతిలో ఉండగా దేశమంతటికీ కలిపి పెట్టే హిస్టరీ వ్యాసం పరీక్ష ఒకటి వచ్చింది. నెగ్గితే ఇంటర్ రెండేళ్ళూ వాళ్ళే చదివిస్తారు. మా నాన్న నిజాంపట్నంలో వేరేవాళ్ళ బోటు మీద వేటకెళ్ళేవాడు. పది అవగానే నన్ను రొయ్యల షెడ్డుకి పంపాలని ఇంట్లో అప్పటికే అనేసుకున్నారు. మిగతావాళ్ళకి అదొక పరీక్ష... నాకు కాలేజీకి ఉన్న ఒకే దారి.

అంశం ముందే ఇచ్చారు... 'స్వాతంత్ర్యోద్యమంలో మీ ప్రాంతపు సామాన్యులు ఎందుకు పాల్గొన్నారు?' కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో మాట కూడా ఉంది. మొదటి పేరాలోనే మీ వాదన ఒక్క వాక్యంలో చెప్పాలట. మిగతా వ్యాసమంతా దాన్ని రుజువు చెయ్యాలట.

సారు అది చదవలేదు. నేను చదివాను.

మొదట "ఉప్పు పన్ను వల్ల ప్రజలు బాధపడ్డారు" అని రాశాను. చదువుకుంటే నాకే నీరసం వచ్చింది. ఎవరు కాదంటారు దాన్ని? రుజువు చెయ్యడానికి అందులో ఏముంది? తర్వాత "మత్స్యకారులు ఎక్కువ బాధపడ్డారు" అని మార్చాను. ఎందుకు ఎక్కువ అంటే నా దగ్గర జవాబు లేదు.

ఎండుచేపలు తిరగేస్తున్న మా అమ్మమ్మని అడిగాను. ఆమెది బాపట్ల దగ్గర సముద్రపొడ్డు.

"కూరలో ఉప్పు లేకపోతే చప్పగా తింటామే. చేపకి ఉప్పు లేకపోతే పురుగు పడుద్ది. ఉప్పునీళ్ళు ఎండిన పర్రలో తేలిన ఉప్పు నాలుగు గుప్పిళ్ళు గీక్కొచ్చుకుంటే పోలీసోళ్ళు పారబోసేవోళ్ళంట. మా అమ్మ బుట్టెడు చేప గొయ్యి తీసి పూడ్చిపెట్టి, ఆ గొయ్యి పక్కనే కూచుని ఏడిసిందంట."

మూడు రోజులు పట్టింది నాకు... రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి. చివరికి ఇదీ నా వాక్యం:

"మా తీరంలో జనం ఉప్పు కోసం కదిలింది స్వరాజ్యం అనే మాట విని కాదు, తాము పట్టిన చేప ఉప్పు లేక కళ్ళముందే కుళ్ళిపోతుంటే చూడలేక."

ఇది కాదనేవాళ్ళుంటారు. వాళ్ళని ఒప్పించడానికి నా దగ్గర మూడు పేరాలున్నాయి. ఆ రోజు ఎంత పొంగిపోయానో!

సారు చదివి ముక్కు మూసుకున్నాడు. "ఏంటమ్మాయ్, వ్యాసం చేపల కంపు కొడతంది?" క్లాసంతా ఒకటే నవ్వు.

మర్నాడు వచ్చి, నా వైపు చూడకుండా, అదే వాక్యం బోర్డు మీద రాశాడు. 'చేప' తీసేసి 'మత్స్య సంపద' అని పెట్టాడు. "ఇంట్రడక్షన్ ఇది. అందరూ రాసుకోండి, బట్టీ పట్టండి" అన్నాడు. నా పేరు చెప్పలేదు. నాది తప్ప ముప్ఫై ఏడు స్కెచ్ పెన్నులు కదిలాయి.

పరీక్ష బాపట్లలో. హాల్లో కూర్చుంటే నా ముందున్న మా క్లాసు రజని కాగితం మీద 'మత్స్య సంపద' కనిపిస్తోంది. ఇంకో వాక్యంతో మొదలుపెట్టడానికి టైముంది... ప్రమాదమనీ తెలుసు. కానీ నా వాక్యం నేనెందుకు వదులుకోవాలి? 'చేప' అనే రాశాను. ఆ ఒక్క మాటైనా నన్ను వేరు చేస్తుందనుకున్నాను, పిచ్చిదాన్ని.

నెలన్నరకి ఉత్తరం వచ్చింది. మీ స్కూలు పేపర్లన్నీ ఒకేలా మొదలయ్యాయి, కాపీ జరిగిందని అన్నీ పక్కన పెట్టాం, అని.

సారు ఉత్తరం క్లాసులో చదివి నా మీదకి తిరిగాడు. "హాల్లో నువ్వే అందరికీ చూపించుంటావ్."

"బోర్డు మీద రాసింది మీరే కదండీ సార్" అన్నాను.

"ఎదురు మాట్లాడకు. కూర్చో."

కూర్చున్నాను. ముప్ఫై ఏడు మందిలో ఒక్కళ్ళూ నోరు విప్పలేదు. రజని కూడా.

ఏడాది పాటు షెడ్డులో రొయ్యల తలకాయలు తీశాను. ఐసు నీళ్ళకి వేళ్ళు పాచిపోయి రాత్రుళ్ళు అన్నం కలుపుకోలేకపోయేదాన్ని. తర్వాత ఎలాగో ఇంటర్ చదివాను, డిగ్రీ చదివాను, అది వేరే సంగతి. ఆ ఏడాది మాత్రం ఎవరూ తిరిగివ్వలేదు.

మొన్న బ్యాచ్ గ్రూపులో మెసేజ్... తెనాలి వెళ్ళి సారుకి శాలువా కప్పుతారట. రజని ఫోన్ చేసి, "పెద్దాయన అయిపోయారే... ఇంకా ఏం మనసులో పెట్టుకుంటావ్?" అంది. "అప్పుడు నోరు విప్పనిదానివి ఇప్పుడెందుకు విప్పుతున్నావే?" అని ఫోన్ పెట్టేశాను. నేను వెళ్ళడం లేదు.

కాలం మారిందంటారు. మారింది... మా అమ్మాయి వ్యాసానికి మొదటి వాక్యం ఫోన్ని అడుగుతుంది. దాని క్లాసంతా అంతే. అందరికీ దాదాపు ఒకటే వాక్యం వస్తోంది... ఎవరికీ కోపం కూడా రావడం లేదు. మూడు రోజులు కూర్చుని, కొట్టేసి, మళ్ళీ రాసి, "ఇది నాది" అనుకోవడం ఎలా ఉంటుందో దానికి నేనెలా చెప్పను?

మీరు కష్టపడి రాసుకున్న మాటని మీ కళ్ళముందే ఎవరైనా లాగేసుకున్నారా? కింద రాయండి, అన్నీ చదువుతాను. సారుని క్షమించెయ్యమని మాత్రం ఎవరూ రాయకండి.