పిడకల గోడకు సినిమా రంగు

మొన్న బొబ్బిలి కోట గోడ దగ్గర ‘ఇక్కడే హీరో పాట పాడాడు’ అని బోర్డు చూశాను. ఏం గొప్పో!

అరవైల చివర్లో ఆ గోడ నిండా పిడకలే, గుర్తుందా మిత్రులారా? ఆ పేడ వాసన వీధి చివరిదాకా కొట్టేది. షూటింగువాళ్లొచ్చి మా మామ్మ పిడకలన్నీ పీకి పారేసి, కెమెరాకు కనబడేంత మేరకే గులాబీ రంగు పూశారు.

“రంగేసేస్తే రేపు పిడకలెక్కడ కొట్టాల బాబూ?” అంది మామ్మ.

“మీ గోడ సినిమాలో పడుతుందమ్మా!” అన్నాడు వాళ్ల మేనేజరు.

“పడితే నా పొయ్యి మండుతాదేటి?”

తీరా సినిమాలో గోడే లేదు, తెరంతా హీరోగారి బుగ్గలే.

ఇప్పుడా రంగు పెచ్చులూడి, కింద గుండ్రటి మచ్చలు బయటపడ్డాయి. అవి హీరో చేతి గుర్తులనుకుని ఓ పెద్దమనిషి చెంప ఆనించి సెల్ఫీ దిగాడు. అది మామ్మ పిడక మచ్చ. ఫోటో బాగా వచ్చిందన్నాను.