బయటికి ఒక్క ఇల్లే

మొన్న క్వార్టర్‌కు సున్నం వేయిస్తుంటే, పనివాడు తలుపు చట్రం మీద మేకులతో బిగించిన నీలం వైరు ముక్క చూపించి, "గిది పీకెయ్యాల్నా సార్?" అని అడిగాడు. వద్దన్నాను. ఇప్పుడు ఇంటర్నెట్ గాలిలో వస్తోంది, ఆ వైరుకు పనేమీ లేదు. అయినా దాన్ని చూస్తూ నిలబడితే, గోదావరిఖనిలో తెలంగాణ ఇంకా రాని రోజుల మధ్యాహ్నాలు కళ్ల ముందుకొచ్చాయి. ఓపెన్‌కాస్టు గనిలో పేలుడుకు కిటికీ అద్దాలు సన్నగా వణకడం, బొగ్గు నుసి ఎండలో మెల్లగా తేలుతూ రావడం, పక్క గదిలో తమ్ముడి ఆటలో కార్లు ఏదో సముద్రపు ఒడ్డున దూసుకుపోతున్న చప్పుడు.

మాది ఒకప్పుడు ఊళ్లో దొరల ఇల్లు, పెద్దది. తాత పోగానే మా నాన్నా చిన్నాయనా హాలు మధ్యలో గోడ కట్టుకున్నారు. తర్వాత ఆ గోడతో సహా ఊరంతా గని తవ్వకం కిందికి పోయింది. మాకు మిగిలింది నిటారుగా కూర్చునే అలవాటు, 'పంచుడు' అన్న మాట ఇంట్లో వినపడకూడదన్న అమ్మ కట్టడి. నాకు ఆఫీసులో గుమాస్తా కొలువు, తమ్ముడికి గనిలో పని. నేను కంప్యూటర్ ముందు కూర్చుని మా వంశవృక్షం తయారుచేసి దూరపు బంధువులకు పంపుతుండేవాణ్ణి. వాడు ఆటల పెట్టె కొని టీవీకి తగిలించి, ఎక్కడెక్కడి వాళ్లతోనో కార్ల పందేలు ఆడేవాడు. ఇంటికి వచ్చే ఇంటర్నెట్ వైరు మాత్రం ఒకటే. నా కంప్యూటర్ నుంచి పీకి వాడి పెట్టెకు గుచ్చాలి, మళ్లీ పీకి నాకు గుచ్చాలి. వైరు ఎవరికి అందితే వాళ్లదే డ్యూటీ.

ఒకనాడు ముత్తాతల తరాన్ని పంపుతుండగా తమ్ముడు మధ్యలో వైరు పీకేశాడు. నేనేదో గట్టిగానే అన్నాను. వాడు నెమ్మదిగా, "నాకు గోలేటి గని కాడ క్వార్టర్ ఇస్తరట అన్నా. పోత. గక్కడ నా వైరు నాకుంటది," అన్నాడు. అమ్మ అన్నం గిన్నె మీద మూత పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఆ మూత చప్పుడుతో ఇది వైరు సంగతి కాదని మా ఇద్దరికీ తెలిసింది.

పక్కింటి కాక గనిలో ఎలక్ట్రీషియన్. పిలిపించాను.

"లైన్ పంచుడే గదా దొరా, ఎంతసేపు," అన్నాడు.

"ఆ మాట అనకు కాకా."

"ఏ మాట? దొరనా?"

వైరు తోలు ఒలిచి, లోపలి రంగురంగుల సన్నతీగలకు మరో వైరు తీగలు మెలిపెట్టి, నల్ల టేపు గట్టిగా చుట్టాడు. నా కంప్యూటర్‌కు ఇంటర్నెట్టూ ఆగింది, వాడి ఆటా ఆగింది. తమ్ముడు నవ్వాపుకోలేక, "కాకా, గిది కరెంటు గాదే," అన్నాడు.

"తీగెల పారేదంత కరెంటే బిడ్డా. మీ ఇంట్ల జాయింటు నిలవడకపోతే నేనేం జెయ్యాలె," అని కాక సంచి సర్దుకుని వెళ్లిపోయాడు.

అమ్మ గుమ్మంలో నిలబడి విన్నది. ఆమె ముఖం చూశాక తమ్ముడి నవ్వు కూడా పోయింది. కాసేపటికి వాడే అన్నాడు: "బజార్ల ఒక పెట్టె దొరుకుతది అన్నా. వైరు దాంట్లకు వస్తది. దాంట్లకెల్లి రెండు వైర్లు, నీకొకటి, నాకొకటి."

"అదీ పంచుడేగా?"

"కాదు. బయటోళ్లకు ఒక్క ఇల్లే కనవడతది. లోపల ఎందరున్నరో వాళ్లకు తెల్వదు."

మా వంశంలో పుట్టినవాడికి ఇంతకంటే ఏం చెప్పాలి? చెప్పులు వేసుకున్నాను. స్కూటర్ మీద ఇద్దరం వెళ్లి ఆ పెట్టె తెచ్చాం. అమ్మ దాన్ని గూట్లో పెట్టించింది.

గోలేటి మాట మళ్లీ చాలా కాలం రాలేదు. రాష్ట్రం వేరుపడిన ఏడాదే తమ్ముడు బదిలీ మీద వెళ్లాడు. పోట్లాట ఏమీ లేదు, పచ్చడి జాడీ ఒళ్లో పెట్టుకుని, బస్సు కిటికీలోంచి నవ్వుతూ వెళ్లాడు. ఎప్పుడో ఒకప్పుడు వెళ్లవలసినవాడే. కాని కోపంతో వెళ్లబోయిన ఆ రోజుకూ, నవ్వుతూ వెళ్లిన రోజుకూ మధ్య దొరికిన ఆ కొన్నేళ్లనే నేను మా ఇంటి మంచికాలం అనుకుంటాను.