గుంటలో నూనె

ఏడో తరగతిలో నేను బడి మానేస్తే మా సారు సంతోషంతో మిఠాయిలు పంచాడంటారు. ఆ తర్వాత నా చదువంతా తిండి మీదే సాగింది.

మిర్యాలగూడ రైస్‌మిల్లులో నాది గేటు దగ్గర కూర్చునే పని. అక్కడ ఊడ్చే పెద్దమ్మ మధ్యాహ్నం జొన్నరొట్టె మీద ఉప్పుకారం పోసి, వేలితో గుంట చేసి, అందులో పల్లినూనె వేసేది. మొదటి ముక్క కళ్లు మూసుకుని తినేది.

ఒకనాడు ఆమె ఎదుట బిర్యానీ పొట్లం విప్పాను.

"పెద్దమ్మా, జర ఇటు సూడు."

"ఆగు బిడ్డా, కారం ఇంకా నోట్లనే ఉన్నది," అంది, కళ్లు తెరవకుండానే.

నా బిర్యానీ చప్పబడింది. ఇంటికెళ్లి రొట్టె మీద కారంలో అలాగే గుంట చేసి, నూనె వేసి, కళ్లు గట్టిగా మూసుకుని తిన్నాను. నోరు మండింది, అంతే. నాకా రుచి ఎందుకు రాలేదని మర్నాడు ఆమెనే నిలదీశాను.

"పొద్దుగూకెదాక నీ నోరొక్కటే పనిచేస్తది బిడ్డా. దానికి అలుపొస్తది గాని, నీకు ఆకలి ఏడికెల్లి వస్తది?"