స్నానాల గదికి సింహద్వారం

తాడేపల్లిగూడెంలో మా వీధి చివర పాత పెంకుటిల్లు ఒకదాన్ని మొన్న జేసీబీ పెట్టి కూల్చేస్తుంటే సున్నం వాసన మా వంటింటి దాకా వచ్చింది. పాత సున్నం, పాత టేకు, ఎన్నో ఏళ్ళ పొయ్యి పొగ, అటక మీద ఎలకలు, అన్నీ కలిసిన ఆ వాసన ముక్కుకి తగలగానే తాలింపు పొయ్యి కట్టేసి, చెయ్యైనా కడుక్కోకుండా వీధిలోకి వెళ్ళి నిలబడ్డాను. ఆ ఇనప చెయ్యి ఒక్క ఊపు ఊపేసరికి కిటికీలు, ఊచలు, వాసాలు, పెంకులు అన్నీ ఒకే కుప్పయిపోయాయి. "ఆ తలుపులైనా ముందు ఊడదియ్యచ్చు కదండీ?" అని డ్రైవర్ని అడిగితే, చెవిలోంచి ఇయర్‌ఫోను తీసి, "టైముండదండీ" అని మళ్ళీ పెట్టేసుకున్నాడు. టైముండదట! కట్టినవాళ్ళకి ఉంది, అందులో కాపురాలు చేసినవాళ్ళకి ఉంది, కూల్చడానికి వచ్చేసరికి లేకుండా పోయింది. ఆ రోజంతా నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. ఇంట్లోవాళ్ళు "పోనిద్దూ, మనిల్లా ఏవన్నానా" అన్నారు గానీ, పాత తలుపంటే ఏమిటో వాళ్ళకేం తెలుసు?

నేను పుట్టి పెరిగింది దెందులూరు దాటి కొల్లేటి వైపు దిగుతుంటే వచ్చే ఒక ఊళ్ళో, బంగాళా పెంకుల ఇంట్లో. నాన్న నాకు ఊహ తెలియకముందే పోయారు. ఇంటి పెత్తనం మా పెదనాన్నది. చాకిరీ నాయనమ్మది, పెద్దమ్మది, మా అమ్మది. వానాకాలం వచ్చిందంటే చూరు నీళ్ళు ధారలు కట్టి పడుతుంటే వాటి కింద గంగాళాలు పెట్టేవాళ్ళం. చేలన్నీ నీళ్ళు నిండి కొల్లేరే మా గుమ్మంలోకి వచ్చిందా అన్నట్టుండేది. వీధిలోకి కొరమీన్ల బుట్ట వచ్చిన రోజు చింతపండు పులుసు వాసన పక్కింటి దాకా పోయేది, అది మర్నాటి చద్దన్నంలోకి మరీ బావుండేది. అట్లతద్దికి ఇంకా తెల్లవారకుండానే గోంగూర పచ్చడి, పెరుగన్నం తినేసి వీధుల వెంట అరుచుకుంటూ తిరిగేవాళ్ళం. పెదనాన్న అరుగు మీద చుట్ట కాల్చుకుంటూ, వచ్చేపోయే ప్రతి మనిషినీ ఆపి, ఏ ఊరు, ఎవరి తాలూకా అని అడిగి గానీ వదిలేవాడు కాదు.

ఆ ఇంట్లో దేనికి లోటు చెప్పండి? ధాన్యానికి గాదె ఉంది, పశువులకి కొట్టం ఉంది, పిడకలకి పాక ఉంది. కోళ్ళకి కూడా గూడు ఉంది, సాయంత్రమైతే దానికి గడియ వేసి మరీ పడుకునేవాళ్ళం. ఆడవాళ్ళు నీళ్ళు పోసుకోడానికి మటుకు ఒక గది లేదు! మగవాళ్ళు కాలువ రేవులో నడుం లోతు నీళ్ళలో నిలబడి, ఊరి సంగతులన్నీ మాట్లాడుకుంటూ, తాపీగా ఒళ్ళు రుద్దుకుని వచ్చేవారు. ఆడవాళ్ళకి నూతి పక్కన మూడు వైపులా తాటాకు దడి, నాలుగో వైపు పాత చీర. గాలి వేస్తే ఆ చీరని ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో చెంబు ఎత్తుకోవాలి. అదీ జనం లేవకముందైనా కావాలి, లేకపోతే చీకటి పడ్డాకైనా కావాలి. ఎండాకాలం ఒళ్ళంతా చెమటకాయలు పేలిపోయినా పగలు చెంబుడు నీళ్ళు పోసుకునే రాత లేదు. వానలకి దడిలోకి పాములొచ్చేవి. మా అమ్మ తలంటుకుంటే జుట్టు ఆరబెట్టుకునే తీరిక కూడా లేక తడి జుట్టే ముడేసుకునేది, అందుకే ఆవిడకి ఎప్పుడూ తలనొప్పి. ఇదంతా మామూలేనని, ఆడపుట్టుక పుడితే ఇంతేనని అందరూ అనుకున్నారు. నేను ఎదుగుతున్న పిల్లని, నాకు ఆ దడిలోకి వెళ్ళాలంటే ఏడుపొచ్చేది.

చేపల చెరువు తవ్వించి చేతిలో డబ్బు ఆడేసరికి పెదనాన్నకి డాబా మీద మనసైంది. ముందు వరండాకి గుండ్రటి స్తంభాలట, సోఫాలకి ఒక గదట, వచ్చేపోయే వాళ్ళకి ఇంకో గదట, మోటారు సైకిలుకి ఒక వసారాట. ఆ ప్లానంతా అరుగు మీద కూర్చుని ఊళ్ళో మగవాళ్ళకి చూపించాడు గానీ వంటింట్లోకి మాత్రం తేలేదు. "స్నానాల గది ఏదిరా ఇందులో?" అని నాయనమ్మే వెళ్ళి అడిగింది. "ఇంట్లో స్నానాల గదేంటమ్మా, తేమెక్కి గోడలు పాడైపోవూ?" అన్నాడు. చోద్యం కాకపోతే, మోటారు సైకిలు తడవకూడదు, గోడ తడవకూడదు, మనుషులు మటుకు వానలో నిలబడి నీళ్ళు పోసుకోవచ్చు!

కోతలైపోయి ఎండలు ముదిరాక పాత ఇల్లు విప్పారు. ఆ రోజుల్లో ఇల్లు విప్పడమే అనేవారు. పెంకులు ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి దిగేవి, వాసాలు తాళ్ళు కట్టి దింపేవారు, మేకు కూడా వంకర తీసి డబ్బాలో వేసేవారు. గబ్బిలాలు చెదిరిపోయాయి, అటక మీద ఎవరో ఎప్పుడో దాచుకున్న గవ్వలు దొరికాయి, పగిలిన పెంకులన్నీ మాకు ఏడుపెంకులాటకి వచ్చాయి. ఏలూరు నుంచి పాత సామాన్ల వ్యాపారం చేసే మస్తాను గారు బండి కట్టుకుని వచ్చి కిటికీలు, దూలాలు, లోపలి తలుపులు ఎత్తించుకుంటూ ఇటుకల వైపు చూస్తే, నాయనమ్మ చెయ్యి అడ్డం పెట్టేసింది.

"ఏవండీ మస్తాను గారూ, ఆ ఇటుకల జోలికి రాకండి. మాకు పనుంది."

"అలాగేనండీ అమ్మగారూ" అని ఆయన మళ్ళీ వాటి వంక చూడలేదు.

ఇక మిగిలింది సింహద్వారం. పైన చిలకలు, మధ్యన పద్మం చెక్కిన ద్వారబంధం, గడప, రెండు రెక్కల టేకు తలుపు. దాన్ని ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. అమ్మితే ఇంటి లక్ష్మిని అమ్ముకున్నట్టట, పాత ద్వారం కొత్త ఇంటికి పెడితే అచ్చిరాదని సిద్ధాంతి గారు చెప్పారట, పొయ్యిలో పెడితే పాపమట. చివరికి దాన్ని తీసుకెళ్ళి పశువుల కొట్టం గోడకి చేరేసి పెట్టారు. తరాల తరబడి పసుపు రాసిన గడప మీద గేదెలు ఒళ్ళు రుద్దుకునేవి. అది మాత్రం ఎవరికీ పాపం అనిపించలేదు.

ఆ వేసవంతా, పెదనాన్న భోంచేసి నడుం వాల్చగానే, మేం దొడ్లో పనిలో దిగేవాళ్ళం. పెద్దమ్మా నేనూ పాత కొడవలి ముక్కలతో ఇటుకలకి పట్టిన సున్నం గీకేవాళ్ళం, ఆ పొడికి వేళ్ళు పగిలి నీళ్ళు తగిలితే భగ్గుమనేవి. నాయనమ్మ చీర ఎగ్గట్టి నల్లమట్టిలో ఊక కలిపి అడుసు తొక్కేది. అమ్మ గోడ పెట్టేది. తాడుకి రాయి కట్టి గోడ నిలువు చూసుకునేది గానీ, ఎంత చూసుకున్నా ఒక గోడ కాస్త నూతి వైపు ఒరిగింది, దానికి విరిగిన వాసం ఒకటి పోటు పెట్టాం. పాత ఇంటి మెట్ల రాళ్ళు కింద పరిచాం, పైన ఆ పాత ఇంటి పెంకులే నేశాం. పెదనాన్న ఒకసారి దొడ్లోకి వచ్చి చూసి, "కోట కడుతున్నారేంటి" అని నవ్వి వెళ్ళిపోయాడు. ఒక్క ఇటుక అందించలేదు. అంతా అయ్యాక చూస్తే తలుపు లేదు, గోనెపట్టా వేలాడదీశాం.

డాబా గృహప్రవేశానికి ఊరంతా భోజనాలు. వంటల దగ్గర పొగలో రోజంతా మగ్గిపోయిన మా అమ్మ, విస్తళ్ళు ఎత్తేశాక, మొట్టమొదటిసారి పగటిపూట నీళ్ళు పోసుకుందామని ఆ గదిలోకి వెళ్ళింది. చెయ్యి కడుక్కోడానికి నీళ్ళెక్కడున్నాయో అని వెతుక్కుంటూ వచ్చిన చుట్టం ఒకాయన గోనెపట్టా ఎత్తేశాడు. ఎత్తి, చూసి, "నీళ్ళు ఇక్కడున్నాయా" అన్నాడట. మా అమ్మ కేక కూడా వెయ్యలేదు. తడి చీరతోనే వంటింట్లోకి వచ్చి గోడ వైపు తిరిగి కూర్చుంది. అన్నం ముట్టలేదు. ఆ చుట్టం తాంబూలం తీసుకుని, వంటలు బ్రహ్మాండంగా ఉన్నాయని చెప్పి వెళ్ళాడు.

మర్నాడు నాయనమ్మ వీధిలోంచి వడ్రంగిని పిలిచి, కొట్టం దగ్గరికి తీసుకెళ్ళి, "ఇది తెచ్చి దానికి బిగించు నాయనా" అంది. వరండాలో కొత్త కుర్చీలో కూర్చున్న పెదనాన్నకి ఆ మాట వినపడింది. పరుగున వచ్చాడు.

"నీకు మతి పోయిందేంటమ్మా? సింహద్వారం తీసుకెళ్ళి స్నానాల గదికా! ఊరు నవ్వదూ? లక్ష్మి ఉంటుందా ఇంట్లో?"

నాయనమ్మ గొంతు పెంచలేదు. "శుక్రవారం శుక్రవారం ఆ గడపకి పసుపు రాసింది నేను. నా తర్వాత నీ పెళ్ళాం, దాని తోడికోడలు. నువ్వు దాన్ని దాటడమే గానీ ఏనాడైనా తుడిచావా? గేదెలు రుద్దుకుంటుంటే కదలని లక్ష్మి, నా కోడలు నీళ్ళోసుకుంటే కదిలిపోతుందేంట్రా?"

పెదనాన్న వడ్రంగి వంక చూశాడు, పెద్దమ్మ వంక చూశాడు. ఎప్పుడూ తల వంచుకుని ఉండే పెద్దమ్మ ద్వారబంధాన్ని ఒక పక్క పట్టుకుని అప్పటికే ఎత్తబోతోంది. ఆయన వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత చాలాకాలం దొడ్లోకి రావాల్సి వస్తే మొహం అటు తిప్పుకుని నడిచేవాడు.

ద్వారం పెద్దది, గది చిన్నది. ముందు గోడంతా ద్వారమే అయిపోయింది. చిలకలూ పద్మం కింద నించుని బొగ్గుతో పళ్ళు తోముకునేవాళ్ళం. మొదటిరోజు అమ్మ మిట్టమధ్యాహ్నం లోపలికి వెళ్ళి గడియ వేసుకుంది. ఎంతసేపటికీ రాదు. లోపల్నుంచి చెంబు చప్పుడు, నీళ్ళ చప్పుడు, కాసేపటికి పాట! మా అమ్మకి పాటలొచ్చని నాకప్పుడే తెలిసింది. నాయనమ్మ ఆ గడపకి శుక్రవారం పసుపు మానలేదు, ఉగాదికి మావిడాకులూ కట్టింది. ఆ నీళ్ళు పారే దారిలో అరటి పిలకలు నాటాం, పగిలిన పెంకులు అంచుగా గుచ్చి కనకాంబరాల మడి చేశాం, మస్తాను గారు వద్దని వదిలేసిన తుప్పు కిటికీని నిలబెట్టి బీరపాదు ఎక్కించాం. బీరకాయలు ఊచల మధ్యలోంచి కాళ్ళు బయట పెట్టినట్టు వేలాడేవి. అట్లతద్దికి వీధిలో ఆడపిల్లలంతా తలంట్లకి మా దొడ్లోకే వచ్చేవాళ్ళు, లోపలున్నవాళ్ళని తొందరపెడుతూ తలుపు బాదేసేవాళ్ళు. ఊళ్ళో కొందరు నవ్వారు. నవ్వినవాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళే ముందు వచ్చి నీళ్ళు పోసుకుని వెళ్ళారు.

పోయిన నెల ఆ ఊరు వెళ్ళాను. నాయనమ్మా లేదు, పెద్దమ్మా అమ్మా లేరు. పెదనాన్న కొడుకు, నాకు తమ్ముడు, ఆ డాబా కూడా కొట్టేసి మేడ కట్టాడు. పడగ్గదికో బాత్రూము, అందులో గోడంత అద్దం. అరటిచెట్లు లేవు, బీరపాదు లేదు, దొడ్డంతా సిమెంటు పోసేశాడు. కార్లకి చోటు కావాలని మా గదిని కూలగొట్టి ఇటుకలు ఒక మూల పోశాడు. సింహద్వారం ఏమైందిరా అంటే, హైవే మీద హోటలు వాళ్ళు అడిగితే ఇచ్చేశానన్నాడు. వచ్చేటప్పుడు చూశాను, పచ్చగడ్డి మధ్యలో నిలబెట్టారు. దానికి లోపలంటూ లేదు, బయటంటూ లేదు. జనం ఆ గడప మీద చెప్పుకాళ్ళు పెట్టి ఫోటోలు దిగుతున్నారు. ఛీ అనిపించింది.

అంతకుముందు, చెరువులు చూపిస్తానని వాడు నన్ను గట్ల మీదకి తీసుకెళ్ళాడు. మేత బస్తాలకి పక్కా గది ఉంది, మోటార్లకి రేకుల షెడ్డు ఉంది. ఎక్కడెక్కడి నుంచో వచ్చి చెరువు పనిలో ఉన్న కుటుంబాలకి ప్లాస్టిక్ పరదాలు కప్పిన పాకలు. వాటి వెనక నాలుగు కర్రలకి మేత సంచులు కుట్టి చుట్టారు. పక్కన ఒకావిడ చంటిపిల్లని ఎత్తుకుని నిలబడింది.

"నీళ్ళు పోసుకోడం ఇందులోనేనా అమ్మా?" అని అడిగాను.

"చీకటి పడ్డాకండీ" అని, సంచి చిరిగినచోట చేత్తో దగ్గరికి లాక్కుంది.

నేను తమ్ముడి వైపు తిరిగాను. "వీళ్ళకి ఒక గది కట్టించలేకపోయావురా? ఇటుకలు ఇంటి దగ్గర పడున్నాయి కదా?"

"వాళ్ళెవరూ అడగలేదక్కా" అన్నాడు, చాలా మామూలుగా.

అడగలేదట! నేనింక ఆగలేకపోయాను, నలుగురూ చూస్తున్నారని కూడా చూసుకోలేదు. "మా అమ్మ మీ నాన్నని అడిగిందా? చీకట్లో దాక్కుని నీళ్ళు పోసుకునే ఆడది పట్టపగలు నీ ముందుకొచ్చి ఏమని అడుగుతుందిరా?" అని ఆ గట్టు మీదే అరిచాను.

వాడు ఫోను చూసుకుంటూ కారు వైపు నడిచాడు. గట్టు కోసుకుపోతున్న చోట పూడ్చడానికి ఇంటి దగ్గర్నుంచి వచ్చిన ట్రాక్టరు వెనక్కొచ్చి ఆగింది, తొట్టి పైకి లేచింది, మా గది ఇటుకలన్నీ జారి నీళ్ళలో పడ్డాయి.